తర్వాతి బాండ్ సినిమాకి డైరెక్టర్ ఎవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

బాండ్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట హీరో దగ్గర మొదలై డైరెక్టర్ దగ్గరికి వస్తుంది. అక్కడే ఎక్కువసేపు ఆగుతుంది. అలా మళ్లీ మళ్లీ ఎదురైన సందేహాలన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా దాని జవాబు అక్కడే పూర్తవుతుంది.

## ముందుగా తెలియవలసినవి

అసలు డైరెక్టర్ ఎవరో ఖరారైందా, ఇంకా ఊహాగానాలేనా?

ఖరారైంది. 2025 జూన్ 25న అమెజాన్ ఎంజీఎం స్టూడియోస్ డెనిస్ విల్నూవ్ పేరు ప్రకటించింది. కెనడాలోని క్యూబెక్‌కి చెందిన ఈయన 'సికారియో', 'అరైవల్', 'బ్లేడ్ రన్నర్ 2049', 'డూన్' సినిమాల దర్శకుడు. నిర్మాతలు ఎమీ పాస్కల్, డేవిడ్ హేమన్. అదే ఏడాది జూలై నెలాఖరులో రచయితగా స్టీవెన్ నైట్ పేరు వచ్చింది. అంటే అభిమానులు ఏళ్ల తరబడి వేసిన లెక్కలకు ఒక జవాబు దొరికింది. కానీ ఆయనే ఎందుకు, మిగతావాళ్లు ఎందుకు కాదు, ఆయన చివరిదాకా ఉంటారా అన్న ప్రశ్నలు మాత్రం ఆగలేదు.

ఇది ఎన్నో బాండ్ సినిమా అవుతుంది?

మొదటి నుంచీ బాండ్ సినిమాలు తీస్తూ వచ్చిన ఇయాన్ ప్రొడక్షన్స్ వరసలో 26వది. 1962లో 'డాక్టర్ నో'తో మొదలై 2021లో 'నో టైమ్ టు డై' వరకు 25 వచ్చాయి. కొందరు 27, 28 అంటారు. 1967లో వచ్చిన హాస్య 'క్యాసినో రాయల్'ని, 1983లో షాన్ కానరీ తిరిగొచ్చి చేసిన 'నెవర్ సే నెవర్ అగైన్'ని కూడా కలుపుకుంటే వచ్చే తేడా అది. ఆ రెండూ వేరే నిర్మాతలవి.

ఇన్నాళ్లూ బ్రాకలీ కుటుంబమే నిర్ణయించేది కదా, ఇప్పుడు ఎవరి మాట చెల్లుతుంది?

ఇదే అన్నిటికన్నా పెద్ద మార్పు. 1961లో ఆల్బర్ట్ బ్రాకలీ, హ్యారీ సాల్ట్జ్‌మన్ కలిసి ఇయాన్ సంస్థ పెట్టినప్పటి నుంచి డైరెక్టర్ ఎంపిక ఆ ఇంట్లోనే జరిగేది. 1995లో వచ్చిన 'గోల్డెన్ ఐ' నుంచి ఆ పని ఆల్బర్ట్ కూతురు బార్బరా బ్రాకలీ, ఆమెకు అన్న వరసయ్యే మైకేల్ విల్సన్ చూశారు. 2022లో అమెజాన్ 845 కోట్ల డాలర్లకు ఎంజీఎంని కొన్నా సృజనాత్మక నిర్ణయాలు వీళ్ల చేతిలోనే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో అవి అమెజాన్ ఎంజీఎంకి వెళ్లాయి. కుటుంబం సహ యజమానులుగా మిగిలింది. ఒప్పందం వచ్చిన నెలకే నిర్మాతల పేర్లు, ఆ తర్వాత మూడు నెలలకు డైరెక్టర్ పేరు బయటికి వచ్చాయి. 'నో టైమ్ టు డై' తర్వాత నాలుగేళ్లు కదలనిది నాలుగు నెలల్లో కదిలింది.

హీరో ఎవరో చెప్పకుండా డైరెక్టర్‌ని ముందు ఎందుకు ప్రకటించారు?

కొత్త బాండ్‌ని తీసుకునేటప్పుడు అదే సరైన వరస. 2006లో వచ్చిన ఇయాన్ వారి 'క్యాసినో రాయల్'కి డైరెక్టర్‌గా మార్టిన్ క్యాంప్‌బెల్ పేరు 2005 ఫిబ్రవరిలో వచ్చింది, హీరోగా డేనియల్ క్రెయిగ్ పేరు అక్టోబర్‌లో వచ్చింది. ఏ రకం సినిమా తీస్తున్నామో తెలిస్తేనే ఏ రకం మనిషి కావాలో తెలుస్తుంది.

హీరో ముందే ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. 2012లో వచ్చిన బాండ్ సినిమా 'స్కైఫాల్'కి డైరెక్టర్ సామ్ మెండిస్‌ని మొదట కదిలించింది క్రెయిగే. వాళ్లిద్దరూ 2002లోనే 'రోడ్ టు పెర్డిషన్'కి కలిసి పనిచేశారు. ఈసారి అలా అడగడానికి హీరో లేడు. కాబట్టి హీరో ఎంపికలో విల్నూవ్ మాటకి గట్టి బరువు ఉంటుందని నేను నమ్ముతున్నాను.

## పుకార్ల రోజులు

క్రిస్టఫర్ నోలన్ పేరు అంత గట్టిగా ఎందుకు వినిపించింది? చివరికి ఎందుకు కాలేదు?

ఆయన బాండ్ మీద ఇష్టాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. 'ఇన్‌సెప్షన్'లో మంచు కొండ మీద జరిగే పోరాటం చూస్తే 1969 నాటి బాండ్ సినిమా 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' గుర్తొస్తుంది. 'టెనెట్' దాదాపు ఒక గూఢచారి సినిమా. 2023లో ఒక ఇంటర్వ్యూలో కూడా బాండ్ సినిమా చేయడం గొప్ప గౌరవమనే అర్థంలో మాట్లాడారు. దానితో అభిమానులు రేపో మాపో ప్రకటన అనుకున్నారు.

ఇష్టం ఒక్కటే చాలదు. నోలన్, ఆయన భార్య ఎమా థామస్ తమ సినిమాలకు తామే నిర్మాతలు. కథ, నటులు, ఎడిటింగ్‌లో చివరి మాట ఆయనది. బాండ్‌లో ఆ చివరి మాట అరవై ఏళ్లుగా నిర్మాతలది. ఈ రెండు పద్ధతులు ఒకే సినిమాలో ఇమడటం కష్టం. పైగా నిర్ణయం జరిగిన 2025లో ఆయన 'ది ఒడిస్సీ' షూటింగ్‌లో ఉన్నారు, దాని విడుదల తేదీ 2026 జూలై 17. నోలన్ బాండ్ సినిమా చూడాలని నాకూ ఉంది. కానీ పుకారు నడిచిన రోజుల్లో కూడా ఆయన క్యాలెండర్‌లో చోటు కనిపించలేదు.

మిగతా పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊరికే పుట్టించారా?

అన్నీ ఊరికే పుట్టినవి కావు. 2025 మొదటి సగంలో హాలీవుడ్ పత్రికల్లో ఎడ్వర్డ్ బెర్గర్, ఎడ్గర్ రైట్, పాల్ కింగ్, జొనాథన్ నోలన్ పేర్లు వచ్చాయి. ఒక్కొక్కరి వెనక ఒక దారం ఉంది. పాల్ కింగ్ తీసిన 'ప్యాడింగ్టన్', 'వాంకా' సినిమాలకు నిర్మాత డేవిడ్ హేమనే. జొనాథన్ నోలన్ అమెజాన్ కోసం 'ఫాల్ఔట్' సిరీస్ చేస్తున్నారు. ఎడ్గర్ రైట్ 'బేబీ డ్రైవర్'తో కార్ల ఛేజ్ ఎలా తీయాలో చూపించారు. బెర్గర్ అప్పటికి 'కాన్‌క్లేవ్'తో మంచి ఊపు మీద ఉన్నారు.

దీన్నుంచి ఒక సంగతి నేర్చుకోవచ్చు. పేరు విన్న వెంటనే 'ఈయన బాండ్‌కి సరిపోతాడా' అని ఆలోచించే బదులు 'ఈయన నిర్మాతల్లో ఎవరికి తెలుసు' అని చూస్తే ఊహ చాలాసార్లు నిజానికి దగ్గరగా వెళ్తుంది. నిర్మాతలు వందల కోట్ల పని అప్పగించేటప్పుడు తమకు తెలిసిన మనిషి వైపే మొగ్గుతారు.

మార్టిన్ క్యాంప్‌బెల్ ఇద్దరు బాండ్‌లను పరిచయం చేశారు కదా. మూడోసారి ఆయన్నే పిలవొచ్చు కదా?

ఈ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. 1995లో 'గోల్డెన్ ఐ', 2006లో 'క్యాసినో రాయల్' రెండూ ఆగిపోయిన బండిని తిరిగి కదిలించాయి. అయితే ఆయన 1943లో పుట్టారు. పిలుపు వచ్చే నాటికి 80 దాటాయి. అంతకన్నా పెద్ద కారణం, ఆయన్ని రెండుసార్లు పిలిచింది బార్బరా బ్రాకలీ, మైకేల్ విల్సన్. ఈసారి పిలిచే కుర్చీలో వాళ్లు లేరు.

సామ్ మెండిస్ తిరిగి వస్తారన్నారు, అదేమైంది?

ఆయన బీటిల్స్ బృందంలోని నలుగురి మీద నాలుగు సినిమాలు ఒప్పుకున్నారు. నాలుగూ 2028 ఏప్రిల్‌లో విడుదల చేస్తామని ప్రకటించారు. వేరే పెద్ద సినిమాకి తీరిక ఉండదు.

బ్రిటన్‌లో పందేల కంపెనీలు ఇచ్చే రేట్లు నమ్మొచ్చా?

వద్దు. అక్కడి బుక్‌మేకర్లు తర్వాతి బాండ్ మీద, డైరెక్టర్ మీద పందేలు తీసుకుంటారు. ఒక పేరు మీద ఎక్కువమంది డబ్బు పెడితే ఆ పేరు గెలిస్తే చెల్లించే రేటు తగ్గుతుంది. అంతే. అది జనం ఏమనుకుంటున్నారో చెబుతుంది. నిర్మాతల గదిలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. ఒక పత్రిక ఒక పేరు రాస్తుంది, అది చూసి జనం పందెం కాస్తారు, రేటు మారిందని ఇంకో పత్రిక వార్త రాస్తుంది. ఇలా ఒకే పుకారు మూడు వార్తలై తిరుగుతుంది.

మరి పుకారులో నిజమెంతో ఎలా తెలుసుకోవాలి?

నేను మూడు విషయాలు చూస్తాను. మొదటిది, ఆ డైరెక్టర్ చేతిలో ఇప్పటికే తేదీ ప్రకటించిన సినిమా ఉందా? ఉంటే దాని విడుదల దాకా ఆయన దాదాపు దొరకనట్టే. రెండోది, 'చర్చలు జరుగుతున్నాయి' అంటున్న వార్తలో ఎవరితో, ఏ దశలో అన్నది ఉందా? ఒకసారి కలిసి మాట్లాడటానికీ, ఒప్పందం మీద సంతకానికీ చాలా దూరం ఉంటుంది. మూడోది, ఆ పేరు నిర్మాత చెప్పారా, లేక ప్రచారం కోసం వేరే సినిమా గురించి మాట్లాడుతున్న డైరెక్టర్‌ని విలేకరి అడిగితే వచ్చిందా? 'మీకు బాండ్ చేయాలని ఉందా' అని అడిగితే కాదనే డైరెక్టర్ చాలా తక్కువ. ఆ 'అవును' మరునాడు శీర్షిక అవుతుంది. అందులో వార్త ఏమీ లేదు.

## ఇంతకుముందు ఎలా ఎంచుకున్నారు

ఇప్పటిదాకా బాండ్ సినిమాలు ఎంతమంది తీశారు?

25 సినిమాలకు 12 మంది. ఎక్కువ తీసింది జాన్ గ్లెన్, 1981 నుంచి 1989 దాకా వరసగా ఐదు. గయ్ హామిల్టన్ నాలుగు, టెరెన్స్ యంగ్, లూయిస్ గిల్బర్ట్ చెరి మూడు, మార్టిన్ క్యాంప్‌బెల్, సామ్ మెండిస్ చెరి రెండు. ఒక్కొక్కటి తీసినవాళ్లు పీటర్ హంట్, రోజర్ స్పాటిస్‌వుడ్, మైకేల్ ఆప్టెడ్, లీ తమహోరి, మార్క్ ఫోర్స్టర్, కేరీ జోజి ఫుకునాగా. విల్నూవ్ 13వ వారు అవుతారు.

కొత్త బాండ్ వచ్చినప్పుడల్లా కొత్త డైరెక్టర్ కూడా వస్తాడా?

లేదు, ఇది చాలామంది పొరపడే చోటు. ఇయాన్ సినిమాల్లో ఆరుగురు బాండ్‌లు పరిచయమయ్యారు. కానరీని 1962లో టెరెన్స్ యంగ్, లేజన్‌బీని 1969లో పీటర్ హంట్, రోజర్ మూర్‌ని 1973లో గయ్ హామిల్టన్, టిమథీ డాల్టన్‌ని 1987లో జాన్ గ్లెన్, బ్రాస్నన్‌నీ క్రెయిగ్‌నీ క్యాంప్‌బెల్ చూపించారు. వీరిలో హామిల్టన్ అప్పటికే 'గోల్డ్‌ఫింగర్' తీసిన మనిషి. గ్లెన్ అప్పటికి మూడు తీశారు. హంట్‌కి డైరెక్టర్‌గా మొదటి సినిమా అయినా, తొలి బాండ్ సినిమాలకు ఎడిటర్ ఆయనే. క్రెయిగ్ వచ్చేసరికి క్యాంప్‌బెల్ కూడా పాతవాడే.

మొదటి సినిమా సంగతి పక్కన పెడితే, బాండ్ యూనిట్‌తో ఏ సంబంధమూ లేని డైరెక్టర్ చేతికి కొత్త బాండ్‌ని ఇచ్చింది ఒక్క 1995లోనే. విల్నూవ్‌తో ఆ సాహసం రెండోసారి జరుగుతోంది. మొదటిసారి ఫలితం 'గోల్డెన్ ఐ' అని గుర్తుచేసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఎడిటర్లని డైరెక్టర్లుగా చేశారంటారు, అది ఎలా పనిచేసింది?

అద్భుతంగా పనిచేసింది. మొదటి బాండ్ సినిమాల వేగం పీటర్ హంట్ కత్తెరది. మనిషి తలుపు దాకా నడిచి, గొళ్లెం తీసి, బయటికి వెళ్లే దృశ్యంలో మధ్యవి తీసేసి నేరుగా తర్వాతి చోటికి దూకించేవారు. పోరాటాల్లో దెబ్బ పడే క్షణాన్ని కాస్త ముందుగా కోసేవారు. 1962 ప్రేక్షకులకు అది కొత్త. తర్వాత 1969లో ఆయనకే దర్శకత్వం ఇచ్చారు.

జాన్ గ్లెన్ ఆ సినిమాకే ఎడిటర్, రెండో యూనిట్ డైరెక్టర్. రెండో యూనిట్ అంటే స్టంట్ల లాంటి దృశ్యాలు విడిగా తీసే బృందం. 'ద స్పై హూ లవ్డ్ మీ' మొదట్లో బాండ్ స్కీయింగ్ చేస్తూ కొండ అంచు నుంచి దూకుతాడు. కొన్ని క్షణాలు ఏ సంగీతమూ ఉండదు. తర్వాత బ్రిటన్ జెండా పారాచూట్ విచ్చుకుంటుంది. కెనడాలోని బాఫిన్ దీవిలో ఆ దృశ్యం తీసిన యూనిట్ గ్లెన్‌ది. నిర్మాతలు ఆయన్ని 1981లో డైరెక్టర్‌ని చేసినప్పుడు బయటివాళ్లకి ఆశ్చర్యం కలిగి ఉండొచ్చు, యూనిట్‌లో ఎవరికీ కలిగి ఉండదు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. అవార్డులున్న పెద్ద పేరు కోసం వెతికే రోజుల్లో రెండో యూనిట్ నుంచి ఒక మనిషిని పైకి తీసుకొచ్చే ఓపిక స్టూడియోలకు లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ని వద్దన్నారనేది నిజమేనా?

నిజమే. బాండ్ సినిమా చేస్తానని అడిగితే ఆల్బర్ట్ బ్రాకలీ ఒప్పుకోలేదని స్పీల్‌బర్గే చాలాసార్లు చెప్పారు. తన మిత్రుడు జార్జ్ లూకస్‌తో ఆ కోరిక చెప్పుకున్నప్పుడు లూకస్ తన దగ్గరున్న కథ వినిపించారు. అది 1981లో 'రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్' అయింది. తర్వాత ఆ వరస మూడో సినిమాలో ఇండియానా జోన్స్ తండ్రి పాత్రకి కానరీనే తెచ్చుకున్నారు.

పెద్ద డైరెక్టర్ వస్తే తమ పట్టు జారుతుందన్న జాగ్రత్త ఆ రోజుల్లో నిర్మాతలకు ఉండేది. మెండిస్ వచ్చేదాకా ఆస్కార్ అందుకున్న దర్శకుడు ఇయాన్ సినిమా తీయలేదు. స్కైఫాల్ వంద కోట్ల డాలర్లు దాటాక ఆ జాగ్రత్త సడలింది. విల్నూవ్ లాంటి పేరుకి తలుపు తెరిచింది ఒక రకంగా ఆ సినిమాయే.

బ్రిటిష్ డైరెక్టర్లకే ఇస్తారని నియమం ఉందా?

నియమం లేదు, చాలాకాలం అలవాటు ఉండేది. 1995లో న్యూజిలాండ్‌లో పుట్టిన క్యాంప్‌బెల్‌తో అది మారడం మొదలైంది. లీ తమహోరిది కూడా న్యూజిలాండే. మార్క్ ఫోర్స్టర్ జర్మనీలో పుట్టి స్విట్జర్లాండ్‌లో పెరిగారు. ఫుకునాగా ఈ వరసలో మొదటి అమెరికన్. విల్నూవ్‌ని కెనడాలో పుట్టిన మొదటి బాండ్ డైరెక్టర్ అని కొందరు అంటున్నారు, అది తప్పు. 1997లో 'టుమారో నెవర్ డైస్' తీసిన రోజర్ స్పాటిస్‌వుడ్ పుట్టింది ఒట్టావాలో.

మహిళా డైరెక్టర్ ఎప్పుడైనా తీశారా?

25 సినిమాల్లో ఒక్కరూ లేరు. రచనలో మాత్రం మొదటి నుంచీ ఉన్నారు. 'డాక్టర్ నో' స్క్రీన్‌ప్లేలో జొహానా హార్‌వుడ్ పేరుంది, 'నో టైమ్ టు డై'లో ఫీబీ వాలర్ బ్రిడ్జ్ పేరుంది. ఎన్నో ఏళ్లు ఈ సంస్థని నడిపింది ఒక మహిళే అయినా ఆ కుర్చీ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

మిషన్ ఇంపాసిబుల్‌లో డైరెక్టర్ గురించి ఇంత గొడవ ఉండదెందుకు?

అక్కడ మారని మనిషి హీరో. టామ్ క్రూజ్ నటుడే కాదు, నిర్మాత కూడా. 1996 నుంచి 2015 దాకా ఐదు సినిమాలకు ఐదుగురు డైరెక్టర్లు వచ్చారు. ఐదోదానితో వచ్చిన క్రిస్టఫర్ మెక్వారీ 2025 దాకా నాలుగు చేశారు. బాండ్‌లో హీరో మారతాడు, మారనిది నిర్మాతల ఇల్లు. ఇప్పుడు ఆ ఇల్లూ మారింది కాబట్టే చూపంతా డైరెక్టర్ మీద పడింది.

## ప్రకటన వచ్చాక

విల్నూవ్‌ని ఇప్పుడే ఎందుకు తీసుకున్నారు, ఇంతకుముందు అడగలేదా?

ఆయన పేరు కొత్తగా వచ్చింది కాదు. 'నో టైమ్ టు డై'కి డైరెక్టర్ కోసం చూస్తున్న రోజుల్లోనే ఆయన బార్బరా బ్రాకలీ, క్రెయిగ్‌లతో కలిసి పనిచేయాలని ఉందని బహిరంగంగా చెప్పారు. కానీ చేతిలో 'డూన్' ఉంది. చిన్నప్పటి నుంచి తీయాలనుకున్న నవల అది, దాన్ని వదలలేదు. ఏడేళ్ల తర్వాత అదే మనిషికి అదే పని వచ్చింది. ఆయన ప్రతిభ అప్పుడూ ఉంది, ఆయన కోరిక అప్పుడూ ఉంది. మారింది తీరిక. డైరెక్టర్ ఎవరన్న లెక్క వేసేవాళ్లు మొదట చూడవలసింది క్యాలెండర్ అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆయన సినిమాలు నెమ్మదిగా ఉంటాయి కదా, బాండ్‌కి కావలసిన యాక్షన్ తీయగలరా?

'సికారియో'లో సరిహద్దు వంతెన మీద ట్రాఫిక్ జామ్ దృశ్యం ఒకసారి చూడండి. కార్లు కదలవు. పక్క కార్లలో ఎవరున్నారో నెమ్మదిగా అర్థమవుతుంది. అద్దం దిగుతుంది, తుపాకీ మెరుస్తుంది, ఎవరూ కాల్చరు. టెన్షన్ అంతా ఆ కాల్చకపోవడంలోనే ఉంది. కాల్పులు మొదలయ్యాక కొన్ని క్షణాల్లో అంతా అయిపోతుంది. గూఢచారి సినిమాకి ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది? 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' రైలు బోగీలో జరిగే పోరాటం కూడా అలాంటిదే. దెబ్బలు మొదలయ్యే ముందు ఇద్దరు మనుషులు చాలాసేపు మర్యాదగా మాట్లాడుకుంటారు. నెమ్మది బాండ్‌కి పరాయిది కాదు. మధ్యలో కొన్నేళ్లు మనం మరిచిపోయాం.

మరి హాస్యం? విల్నూవ్ సినిమాల్లో ఎవరూ నవ్వరు కదా.

ఇది న్యాయమైన భయం, నాకూ ఉంది. 'ప్రిజనర్స్', 'ఇన్సెండీస్' చూసి బయటికొచ్చాక చాలాసేపు మాట రాదు. బాండ్‌కి గంభీరత పనికొస్తుంది, కానీ చావు అంచున నిలబడి కూడా ఒక చిన్న మాట విసిరే తేలికతనం లేకపోతే ఆయన మామూలు హంతకుడైపోతాడు. 'డూన్' రెండో భాగంలో హావియెర్ బార్డెమ్ పాత్ర స్టిల్గర్‌కి కొన్ని నవ్వులు దక్కాయి. కథానాయకుడు పాల్ ఏం చేసినా అదే ప్రవక్త లక్షణమని నమ్మే అమాయకత్వం నుంచి ఆ నవ్వు పుట్టింది. విల్నూవ్‌కి హాస్యం పాత్ర స్వభావంలోంచి వస్తే పట్టుకోవడం తెలుసు అనడానికి అది ఆధారం. చమత్కారపు డైలాగు తీయగలరా అన్నదానికి ఆధారం ఇంకా లేదు. అది రాసేది స్టీవెన్ నైట్, నోట పలికేది కొత్త నటుడు. ఆ ఇద్దరి మీద చాలా ఆధారపడి ఉంది.

ఆయనకీ బాండ్ యూనిట్‌కీ ముందు నుంచి సంబంధం ఉందా?

దర్శకుడిగా లేదు, కానీ ఆయన చుట్టూ ఉన్న మనుషుల్ని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. స్కైఫాల్‌లో షాంఘై మేడ మీద గాజు గోడల మధ్య నీడల పోరాటం తీసిన కెమెరామన్ రోజర్ డీకిన్స్. 'ప్రిజనర్స్', 'సికారియో', 'బ్లేడ్ రన్నర్ 2049' మూడూ విల్నూవ్ కోసం తీసింది ఆయనే. 'నో టైమ్ టు డై' కెమెరామన్ లీనస్ సాండ్‌గ్రెన్ 'డూన్' మూడో భాగానికి పనిచేశారు. ఆ బాండ్ సినిమాకి సంగీతం ఇచ్చిన హాన్స్ జిమ్మరే 'డూన్'కీ సంగీత దర్శకుడు. నటుల్లో బార్డెమ్, లెయా సెడూ, డేవ్ బటిస్టా, ఆనా డి ఆర్మస్ అటూ ఇటూ కనిపించినవాళ్లే.

వీళ్లలో ఎవరు కొత్త సినిమాలో ఉంటారన్నది వేరే సంగతి. బాండ్ సినిమా తీసేటప్పుడు ఎదురయ్యే కష్టాలు చెప్పగల మనుషులు ఆయనకు ఒక ఫోన్ దూరంలో ఉన్నారన్నది మాత్రం నిజం.

రచయితగా స్టీవెన్ నైట్ రావడం మంచిదేనా?

మంచిదే. 'పీకీ బ్లైండర్స్' సృష్టికర్త ఆయన. లండన్ చీకటి మూలల మీద 'డర్టీ ప్రెటీ థింగ్స్', 'ఈస్టర్న్ ప్రామిసెస్' రాశారు. 1999 నుంచి 2021 దాకా వచ్చిన ఏడు బాండ్ సినిమాల్లోనూ నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్ జంట చేయి ఉంది. అంతకాలం తర్వాత వేరే కలం రావడమే ఒక మేలు. డైరెక్టర్ కెనడా మనిషైనా మాటల్లో బ్రిటన్ వాసన నిలుస్తుంది.

ప్రకటించాక కూడా డైరెక్టర్ తప్పుకోవచ్చా?

తప్పుకోవచ్చు, ఇదివరకు జరిగింది. 'నో టైమ్ టు డై'కి మొదట డానీ బాయిల్‌ని తీసుకున్నారు. స్క్రిప్ట్ ఆయనతో వచ్చిన జాన్ హాడ్జ్ రాస్తున్నారు. 2018 ఆగస్టులో సృజనాత్మక విభేదాల వల్ల బాయిల్ వెళ్లిపోతున్నారని ప్రకటన వచ్చింది. నెలకల్లా ఫుకునాగా వచ్చారు. అసలు 2019 చివర్లో రావలసిన సినిమా 2020కి జరిగింది, ఆ పైన కోవిడ్ వల్ల 2021 సెప్టెంబర్ దాకా ఆగింది.

బాయిల్ విషయంలో డైరెక్టర్, రచయిత ఒక జట్టుగా బయటి నుంచి వచ్చారు. నిర్మాతలకీ, నాలుగు సినిమాలు చేసిన హీరోకీ వేరే ఆలోచన ఉంది. ఈసారి పాత హీరో లేడు, పాత కథ కొనసాగించవలసిన పని లేదు, రచయితని స్టూడియోనే ప్రకటించింది. ఘర్షణకి కారణాలు తక్కువ. అయినా షూటింగ్ మొదలయ్యేదాకా ఎవరి పేరైనా పెన్సిల్‌తో రాసినట్టే అనుకోవడం మంచిది.

## ఇక ముందు

సినిమా ఎప్పుడు వస్తుంది?

పాత లెక్కలతో ఒక అంచనా వేయొచ్చు. క్యాంప్‌బెల్ పేరు 2005 ఫిబ్రవరిలో వచ్చింది, 2006 జనవరిలో షూటింగ్ మొదలైంది, నవంబర్‌లో విడుదలైంది. మొత్తం 21 నెలలు. ఫుకునాగాకి 2018 సెప్టెంబర్ నుంచి అనుకున్న విడుదల 2020 ఏప్రిల్ దాకా 19 నెలలు. అంటే డైరెక్టర్ పూర్తిగా ఈ పని మీదే కూర్చుంటే రెండేళ్ల లోపు. విల్నూవ్ 'డూన్' మూడో భాగానికి ప్రకటించిన విడుదల 2026 డిసెంబర్ 18. అక్కడి నుంచి లెక్కపెడితే 2028 ద్వితీయార్ధం వస్తుంది. ఇది నా లెక్క మాత్రమే.

అలాగైతే 2021 తర్వాత ఏడేళ్ల విరామం. ఇంతకుముందు అతి పెద్ద విరామాలు ఆరేళ్లవి. ఒకటి 1989 నుంచి 1995 దాకా, సినిమా హక్కుల మీద కోర్టు గొడవల వల్ల వచ్చింది. ఇంకోటి 2015 నుంచి 2021 దాకా.

విల్నూవ్ ఒక్కటే తీస్తారా, ఇంకా చేస్తారా?

ప్రకటించినది ఒక్క సినిమాకే. ఆ రోజు ఆయన ఇచ్చిన మాటల్లో నాన్నతో కలిసి 'డాక్టర్ నో' నుంచి బాండ్ సినిమాలు చూసిన జ్ఞాపకం ఉంది, సంప్రదాయాన్ని గౌరవిస్తూ రాబోయే మరెన్నో సాహసాలకు దారి వేస్తానన్న ఉద్దేశం ఉంది. దారి వేస్తానన్నారు, అన్నీ నేనే నడుస్తాననలేదు. చరిత్ర చూసినా క్యాంప్‌బెల్ రెండుసార్లూ కొత్త బాండ్‌ని నిలబెట్టి పక్కకి తప్పుకున్నారు.

అలాగైతే 27వ సినిమాకి ఎవరి పేర్లు గమనించాలి?

పాస్కల్, హేమన్‌లతో ఇదివరకు పనిచేసినవాళ్లని, అమెజాన్‌కి సిరీస్‌లు చేస్తున్నవాళ్లని ఒక కంట కనిపెట్టండి. 2025లో పేరు వచ్చి ఆగిపోయిన ఎడ్వర్డ్ బెర్గర్, పాల్ కింగ్ లాంటివాళ్లు వరసలోంచి పోలేదు. వాళ్ల తర్వాతి సినిమాల తేదీలు చూస్తూ ఉండండి. విల్నూవ్ సినిమా రెండో యూనిట్ డైరెక్టర్ ఎవరో ప్రకటించినప్పుడు కూడా ఆ పేరు రాసి పెట్టుకోండి. జాన్ గ్లెన్ కథ ఇంకోసారి జరిగితే చూడాలని నాకు చాలా ఉంది.